ఇంటికి పొమ్మన్న విప్లవాలు

తిరుమలగిరిలో హైస్కూలు చదివే రోజుల్లో సాంఘికశాస్త్రంలో నాకు బాగా నచ్చిన పాఠం ఫ్రెంచి విప్లవం. బాస్టిల్ కోట, పదహారో లూయీ, గిలటిన్. అరుగు మీద కూచుని పైకి చదువుతుంటే మా అవ్వ చింతపండు గింజలు తీస్తూ వినేది. మా సారు క్లాసులో చెప్పిన కథ ఒకటి ఒకరోజు ఆమెకు చెప్పాను. పారిస్ అంగట్లో చేపలమ్ముకునే ఆడవాళ్లు, రొట్టె దొరకడం లేదని వేలమంది గుమిగూడి, వానలో తడుచుకుంటూ 20 కిలోమీటర్లు నడిచి వెర్సాయ్‌లోని రాజుగారి కోటకు పోయారు. మర్నాడు రాజునూ రాణినీ పిల్లలనూ బండి ఎక్కించి పట్నం తీసుకొచ్చారు. అవ్వ చెయ్యి ఆగింది.

"గంత పని చేసిన్రా! మరి ఎన్కనుంచి ఆ ఆడోళ్లేమైన్రు బిడ్డా?"

అది మా సారు చెప్పలేదు. "ఏమో అవ్వా, ఇంటికి పోయి ఉంటరు" అన్నాను.

"గంతే గద" అని ఆమె మళ్లీ గింజలు తీయడంలో పడింది.

తర్వాత నేను తెలుగు స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేట్ చేశాను. సిద్ధాంతవ్యాసం మొదటి అధ్యాయంలో ఒలింప్ ద గూజ్ ఉంది, మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఉంది. మా అవ్వ లేదు. పన్నెండేళ్ల వయసులో గడీకి కుండలు మోసిన పిల్ల, ఆ కుండల్లోనే సంఘపోళ్లకు సద్ది మోసిన పిల్ల నా ఇంట్లోనే ఉండగా, నేను ఆడవాళ్ల తిరుగుబాటుకు మూలాలు పారిస్‌లో వెతికాను. ఈ వ్యాసం ఆమె ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు. ఆమె ఇప్పుడు లేదు.

పారిస్‌నూ నల్లగొండనూ పక్కపక్కన పెట్టడం అతిశయోక్తి అని ఒక సదస్సులో ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. నిజానికి పోలిక దగ్గరదే. ఫ్రాన్సులో రైతులు రోడ్లు వేయడానికి కూలి లేకుండా చాకిరీ చేయాలి. దాన్ని కొర్వే అనేవాళ్లు. మనం ఎట్టి అన్నాం. అక్కడ రాజు చేయించుకునే కొర్వేను విప్లవానికి రెండేళ్ల ముందే, 1787లో రద్దు చేశారు. ఇక్కడ వెట్టిని నిషేధిస్తూ నిజాం 1923లో ఫర్మానా ఇచ్చాడు. ఫర్మానా హైదరాబాదులో ఉంది. మా తాతముత్తాతల కుండలు మాత్రం ఉత్తపుణ్యానికి గడీకి పోతూనే ఉన్నాయి. చాకలి బట్టలు ఉతకాలి, మంగలి ఒళ్లు పట్టాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, కుమ్మరి కుండలియ్యాలి. దొరబిడ్డ అత్తారింటికి పోతే ఆమె వెంట 'ఆడబాప'గా ఒక పిల్లను పంపాలి. ఆ పిల్ల శరీరం మీద కూడా ఆ ఇంటి మగవాళ్లకే హక్కు. ఒక్క విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ దొర మనుషుల కాల్పుల్లోనే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయాడు.

తేడా రాజు దగ్గర వచ్చింది. లూయీ తల 1793 జనవరిలో తెగిపడింది. మన రాజుకు ఏమీ కాలేదు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చాక కూడా ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె దిగలేదు, 1950 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు. పారిపోయిన దొరలు సైన్యం వెనక ఊళ్లకు తిరిగొచ్చారు. పోరాటం మాత్రం 1951 అక్టోబర్ 21 దాకా, మూడేళ్లు, కొత్త ప్రభుత్వం మీద నడిచింది. రాజు చచ్చిన విప్లవం ఒకటి, రాజు బతికిన విప్లవం ఒకటి. అయినా ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి రెండూ ఒకే మాట చెప్పాయి. ఇంటికి పొమ్మన్నాయి.

అవ్వ అడిగిన ఆ ఆడవాళ్లు ఏమయ్యారో చూద్దాం. 1789 అక్టోబర్ 5న వాళ్లు వెర్సాయ్‌కి నడిచారు. 1791లో ఒలింప్ ద గూజ్ స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. మగవాళ్ల ప్రకటనలో 17 అధికరణలు ఉంటే తనూ 17 రాసింది. ఆడదానికి ఉరికంబం ఎక్కే హక్కు ఉన్నప్పుడు వేదిక ఎక్కే హక్కు కూడా ఉండాలన్నది ఆమె వాదం. 1792లో విడాకుల చట్టం వచ్చింది. 1793 మేలో పోలిన్ లెయోన్, క్లేర్ లకోంబ్ విప్లవ స్త్రీల క్లబ్బు పెట్టారు. ఆ అక్టోబర్ 30న ఆడవాళ్ల క్లబ్బులన్నీ నిషేధించారు. దానికి భద్రతా కమిటీ తరఫున అమార్ చెప్పిన కారణం, స్త్రీల స్వభావానికి రాజకీయాలు సరిపడవని, వాళ్ల చోటు ఇల్లేనని. నాలుగు రోజుల తర్వాత, నవంబర్ 3న, ఒలింప్‌ను గిలటిన్ ఎక్కించారు. మొదటి హక్కు ఇచ్చారు, రెండోది ఇవ్వలేదు. 1804లో నెపోలియన్ చట్టం భార్య భర్తకు లోబడి ఉండాలని రాసింది. 1816లో విడాకులే పోయాయి. ఓటు 1944లో గాని రాలేదు. అంటే వెర్సాయ్ దారి నుంచి పోలింగ్ పెట్టె దాకా నూటయాభై ఏళ్లు దాటింది.

ఈ కథలో మనకు ఇబ్బంది కలిగించే ముక్క ఒకటుంది. క్లబ్బు మూతపడటానికి సాకు దొరికింది ఆడవాళ్ల మధ్య తగాదాలోనే. ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టాలని క్లబ్బు వాళ్లు పట్టుబట్టారు. ఆ పరిమితి వల్ల అంగట్లో అమ్ముకునే ఆడవాళ్ల బతుకు దెబ్బతింది. ఇద్దరూ వీధిలో కొట్టుకున్నారు. ప్రభుత్వం ఇద్దరినీ కలిపి ఇంటికి పంపింది. స్త్రీలంతా ఒకటే అని సులువుగా రాసేసుకునే మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

సాహిత్యం వీళ్లను ఎలా గుర్తుపెట్టుకుంది? చార్లెస్ డికెన్స్ 1859లో రాసిన నవలలో మదాం దఫార్జ్ అల్లికలు అల్లుతూ చావవలసినవాళ్ల పేర్లు ఆ అల్లికలోనే నమోదు చేస్తుంది. ఆమె పగకు కారణం ఉందని నవలే చెబుతుంది. ప్రభువులు ఆమె అక్కను చెరిచారు, కుటుంబాన్ని చంపారు. అయినా చివరికి పాఠకుల సానుభూతి ఆమెకు దక్కదు. రొట్టె కోసం నడిచిన ఆడది ఇంగ్లిషు చదివిన మన తరాలకు రాక్షసిగా మిగిలింది. మరోపక్క రాణి మరీ ఆంత్వానెత్. రొట్టె లేకపోతే కేకు తినమందని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ మాట ఎవరో యువరాణి అన్నదిగా రూసో ఆత్మకథలో ఉంది, అది రాసేనాటికి ఈమె ఇంకా ఆస్ట్రియాలో చిన్నపిల్ల. లిన్ హంట్ 1992 నాటి పుస్తకంలో చూపించినట్టు, రాజు మీది కోపమంతా రాణి శరీరం మీద బూతు కరపత్రాలై కురిసింది. విచారణలో కన్నకొడుకుతో సంబంధం అంటగట్టే దాకా పోయింది.

ఇది చదివిన రోజున నాకు అవ్వ మాటలు గుర్తొచ్చి కాస్త భయమేసింది. ఆమెకు దొర సరిగా గుర్తులేడు. దొరసానే గుర్తు. కుండ మీద వేలితో కొట్టి, మోత బాగాలేదని వాకిట్లోనే పగలగొట్టి, మళ్లీ తెమ్మనేదట. "దొర కండ్లవడితే కొడ్తడు, దొర్సాని కండ్లవడితే కాల్తది" అనేది అవ్వ. ఇది కూడా రాణి మీద వేసిన కరపత్రం లాంటిదేనా? కాదనే నేననుకుంటున్నాను. కరపత్రం రాసినవాడు రాణిని ఎన్నడూ చూడలేదు. అవ్వ ఆ వాకిట్లో నిలబడింది. గడీలో ఘోషా వెనక దొరసాని కూడా బందీయే, నిజమే. కానీ లోపలి బందీకి బయటి పిల్ల మీద ఉన్న అధికారం కూడా అంతే నిజం. ఈ రెండో వాక్యం రాయని స్త్రీవాదం మా ఇంటి అరుగు దాకా రాలేదు.

ఇక మన పుస్తకాల సంగతి. సుందరయ్య వీర తెలంగాణ పోరాట చరిత్రలో స్త్రీలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. కారంపొడి, రోకళ్లు, వడిసెలలు పట్టిన ఆడవాళ్ల సాహసాలు అందులో కనిపిస్తాయి. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయను. కానీ ప్రత్యేక అధ్యాయం అంటే మిగిలిన అధ్యాయాల్లో వాళ్లు ఎక్కడున్నట్టు? వ్యూహం, విరమణ, చర్చలు ఉన్న చోట వాళ్లు ఎందుకు కనిపించరు? 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ ప్రశ్నను మొదటిసారి గట్టిగా అడిగింది. విసునూరు దొరను ఎదిరించి పంట ఇంటికి తెచ్చుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ అందులో తన నోటితో తాను మాట్లాడుతుంది. దళంతో తిరుగుతూ పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ ఉంది. పోరాటం ఆగాక ఇక ఇళ్లకు వెళ్లండి అన్నప్పుడు కాళ్ల కింద నేల కదిలిన ప్రియంవద ఉంది. ఈ స్త్రీలు ఉద్యమాన్ని తిట్టరు. తమ జీవితంలో మంచిరోజులు అవేనంటారు. అందుకే ఇంటికి పొమ్మన్న మాట వాళ్లను అంతగా గాయపరిచింది. అక్కడ స్త్రీల క్లబ్బులు మూయడానికి చట్టం చేయవలసి వచ్చింది. ఇక్కడ చట్టం కూడా అవసరం లేకపోయింది, ఒక మాట సరిపోయింది.

తర్వాత వచ్చిన రెండు ఆత్మకథలను పక్కపక్కన పెట్టి చూడండి. 2012లో కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' వచ్చింది. ఉద్యమం, భర్త, పిల్లలు ఒక్కొక్కరే దూరమైన తర్వాత, నడివయసులో మెట్రిక్ చదివి, హాస్టల్ మేట్రన్‌గా బతికిన మనిషి పుస్తకం అది. 2019లో మల్లు స్వరాజ్యం 'నా మాటే తుపాకి తూటా' వచ్చింది. కర్విరాల కొత్తగూడెం భూస్వామి ఇంట పుట్టి, గోర్కీ 'అమ్మ' చదివి, పాలేర్లకు బియ్యం పంచి, రాజక్క పేరుతో దళం నడిపి, తలకు 10 వేల రూపాయల వెల పలికిన మనిషి ఆమె. 1978లో, 1983లో మా తుంగతుర్తి నియోజకవర్గం నుంచే శాసనసభకు వెళ్లింది. ఒకరి గొంతు తగ్గుస్థాయిలో, ఒకరి గొంతు సభలో మాట్లాడినట్టు ఉంటుంది. విమర్శకులు మొదటిదాన్ని విషాదం అని, రెండోదాన్ని వీరగాథ అని విడదీశారు. నేను అలా చదవలేను. స్వరాజ్యం వీరగాథలో విరమణ తర్వాతి భాగం దగ్గర ఆగి, ఎంత వేగంగా నడుస్తుందో చూడండి. కోటేశ్వరమ్మ విషాదంలో కన్నీళ్లకన్నా నెలజీతం లెక్కలు, చదువు లెక్కలు ఎంత పట్టుదలగా ఉన్నాయో చూడండి. ఇద్దరూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు: విప్లవం ఆగాక ఆడది ఎక్కడ బతకాలి?

ఒలింప్ తన ప్రకటనను రాణికి అంకితమిచ్చింది. బానిసల పక్షాన ఆమె రాసిన నాటకం 1789లోనే రంగస్థలం ఎక్కింది. పైవాళ్లతో మాట్లాడగలిగింది, కిందివాళ్ల గురించి రాయగలిగింది. కిందివాళ్లు రాసింది మాత్రం మనకు మిగల్లేదు. మన దగ్గరా అంతే. పుస్తకం మిగిలిన పేర్లు కొన్నే. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. విగ్రహంగా, బోర్డుగా నిలబడిన ఐలమ్మ వెనక, ఆమె పంట కోయడానికి వచ్చిన కూలి ఆడవాళ్ల పేర్లు అడిగితే మనలో ఎందరం చెప్పగలం?

మా అవ్వది అలాంటి పేరే. ఊళ్లో మిల్ట్రీ క్యాంపు పడ్డాక పెళ్లికాని పిల్లలను ఇంట్లో ఉంచడానికి భయపడి, ఆమెను పదిరోజుల్లో పెళ్లి చేసి తిరుమలగిరి పంపారు. విప్లవం ఆమెను ఇంటికి పంపలేదు, ఇంకో ఇంటికి పంపింది. చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెబితే పింఛను కోసం ఒక ఆఫీసుకు పోయింది. జైలు కాగితం ఉందా అని అడిగారు. లేదు. అజ్ఞాతంలో ఉన్నట్టు రుజువు ఉందా అన్నారు. "నేను దాసుకోలె సారూ, దాసుకున్నోళ్లకు బువ్వ వెట్టిన" అందట. ఆ దరఖాస్తులో దానికి గడి లేదు.

నా సిద్ధాంతవ్యాసంలోనూ లేదు. పుస్తకంగా అచ్చయినది మాత్రమే ఆత్మకథ అని నేను మొదటి పేజీలోనే నిర్వచించుకున్నాను. ఆ నిర్వచనం జైలు కాగితం అడిగిన గుమాస్తా మాటకు ఎంత దగ్గరిదో అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు దాన్ని పుస్తకంగా వేయడానికి తిరగరాస్తున్నాను. మొదటి అధ్యాయంలో ఒలింప్ ఉంటుంది. ఆమె పక్కన, కుండలో సద్ది పెట్టి పైన వట్టి కుండ బోర్లించుకుని, క్యాంపు ముందు నుంచి నడిచిపోయిన పన్నెండేళ్ల పిల్ల ఉంటుంది. ఈ వ్యాసం చదువుతున్న మీ ఇళ్లలో అరుగుల మీద ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, ఎన్కనుంచి ఏమైన్రని ఈ ఏడే అడగండి.