పరదేశపు ఇల్లు, ఉంగుటూరి అరుగు

పరదేశమందొక పాడువడిన యింటిని కొని, దానిని బాగుచేయించుకొనుటలో తాము పడిన పాట్లను గ్రంథముగా వ్రాయుట పాశ్చాత్యులకొక వేడుక. ఆక్సెల్ మున్తే అను స్వీడను దేశపు వైద్యుడు ఇటలీలోని కాప్రీ ద్వీపమున, శిథిలమైన చిన్న ప్రార్థనామందిరమొకటి యున్న చోట తాను కట్టించుకొన్న భవనమును గూర్చి 1929లో ‘ది స్టోరీ ఆఫ్ శాన్ మికేలె’ వెలువరించినప్పుడు, అది లోకమంతట అమ్ముడుపోయినది. అందులో నిజమెంత, కల్పన యెంత అను వివాదమును దానితోపాటే బయలుదేరినది. తరువాత 1989లో పీటర్ మేల్ అను ఆంగ్లేయుడు, ఒకప్పుడు ప్రకటనల వ్యాపారమున నుండి పిమ్మట రచయితగా మారినవాడు, ఫ్రాన్సు దక్షిణభాగమున మెనెర్బ్ గ్రామమునకు చేరువలో తాను కొన్న పాత రైతు యింటి మరమ్మతును నెలకొక ప్రకరణము చొప్పున వ్రాసి ‘ఎ ఇయర్ ఇన్ ప్రోవెన్స్’ అని పేరు పెట్టినాడు. 1996లో ఫ్రాన్సెస్ మేయెస్ అను అమెరికను అధ్యాపకురాలు, ఇటలీలోని కోర్టోనా పట్టణపు అంచున ‘బ్రామసోలే’ అను యింటిని బాగుచేయించుకొన్న కథను, నడుమనడుమ వంటల పాకముతో సహా, ‘అండర్ ది టస్కన్ సన్’గా చెప్పినది.

ఈ మూడింటిలో మేల్ గ్రంథమునకు లభించిన ఆదరము ఎంత విచిత్రమో, నిరాదరము అంతకంటె విచిత్రము. లక్షలకొలది పాఠకులు దానిని నెత్తిన పెట్టుకొన్నారు, అతని దేశపు విమర్శకులలో కొందరు, తీరికయు ధనమును గల ఆంగ్లేయుడు పల్లెటూరివారిని చూచి నవ్వుకొన్న పుస్తకమని ముక్కు విరిచినారు, బి.బి.సి. వారు 1993లో దానిని ధారావాహికగా తీయగా విమర్శకులు చీల్చిచెండాడినారు. పుస్తకము చంకన పెట్టుకొని ఇల్లు వెదకుకొనుచు వచ్చు యాత్రికుల తాకిడికి తాళలేక రచయిత కొంతకాలము అమెరికాకు తరలిపోయి, మరల వచ్చి వేరొక గ్రామమున కాపురముండవలసి వచ్చినది. ఫ్రెంచి ప్రభుత్వము మాత్రము 2002లో అతనిని లెజియన్ ఆఫ్ ఆనర్‌తో గౌరవించినది. ఒకే పుస్తకము ఒకరికి పండుగయు, ఒకరికి పరిహాసమును, ఒకరికి వీథిలో బస్సుల రద్దీయు నెట్లయినదో విచారింపదగినదే కదా.

పుస్తకము చదివి, దాని కథను సాయంకాలమున అరుగుమీద నలుగురికి తెలుగున చెప్పుట నాకు చిరకాలపు అలవాటు. ఇది తేలికపని యని తలచువారు ఒకమారు చేసి చూడవలెను. ఏకాంతముగా చదువునప్పుడు మనకు నచ్చని పుటను త్రిప్పివేయవచ్చును. చెప్పునప్పుడు వినువాని కనుబొమ్మ ఎచ్చట ముడివడినదో అచ్చట ఆగవలెను, ఎచ్చట అతడు తువ్వాలు దులుపుకొని లేవబోవుచున్నాడో అచ్చట కథను కుదించవలెను. జాతీయరహదారిమీది లారీల మ్రోతలో మాట వినబడుటయే కష్టమైన మా ఉంగుటూరులో, ద్రాక్షతోటల నడిమి మేల్ రాతియింటి కథకు శ్రోతలు దొరకుట నాకే ఆశ్చర్యము. అయినను దొరకినారు, దొరకిన వారు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా విన్నారు.

మొదటి శ్రోత మా వీథి చివరనుండు పిన్నిగారు. ఆమె కుమారుడు టెక్సాసులో నున్నాడు. చలికి నీటిగొట్టములు పగులుట, పనివారు గోడ కూల్చి మాయమగుట, వంటయిల్లు సరిగా లేక మేల్ దంపతులు అవస్థపడుట ఇవన్నియు ఆమె నిర్వికారముగా విన్నది. సంవత్సరాంతమున ఆ గృహిణి పన్నిన యుపాయము చెప్పగానే ఆమె ముఖము విప్పారినది. పని ముగియలేదు, ఆ యిల్లాలు పనివారినందరిని భార్యాసమేతముగా క్రిస్మసు విందునకు పిలిచినది, తమ భర్తల సగము పనిని పరుల యింట చూచుట ఏ భార్యకు సమ్మతము? దానితో చకచక పని తెమిలిపోయినది. “ఓస్, ఇంతేనా! మేమైతే గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేసి, శుభలేఖలు అచ్చేయించేస్తాం. ఇంక మేస్త్రి ఎక్కడికి పోతాడు? ఆ అమ్మాయెవరో మన పిల్లేలా ఉంది” అన్నది పిన్నిగారు. లండను విమర్శకునికి అతిథుల అహంకారముగా తోచిన గ్రంథము ఆమెకు సంసారనిర్వాహకురాలి గ్రంథముగా తోచినది. నా మట్టుకు నేను ఆమె తీర్పునకే కొంత మొగ్గుదును.

రెండవవాడు కొల్లేటి వైపున చేపలచెరువులు గల రైతు. అతనికి మేల్ మీద కోపము వచ్చినది. కారణము పుస్తకమున లేదు, కొల్లేటి పక్షుల కేంద్రమగు ఆటపాకలో ఉన్నది. చలికాలమున అచ్చటి గూడబాతులను చూడవచ్చువారు, చూచి పోయి, నీటిమీది ఉదయకాంతిని గూర్చి చక్కగా వ్రాయుదురు; సరస్సునకు హద్దుగా గీచిన ఐదవ కాంటూరు గీత ఎవరి పొలమును చీల్చుకొని పోయినదో, 2006లో ప్రభుత్వము చేపలచెరువుల గట్లు తెగగొట్టినప్పుడు ఎవరి అప్పు ఎవరి నెత్తిన పడినదో ఆ వ్రాతలలో కానరాదు. సరస్సు బ్రతుకుటకు ఆ గట్లు తెగక తప్పదని వాదించినవారు కలరు, వారి వాదమును కాదనుట నా వశము కాదు. “మేం ఉన్నచోటుని బొమ్మేసి అట్టుకెళ్ళిపోతారండీ, బొమ్మలో మేం ఉండం” అని ఆ రైతు అన్నమాట, కోర్టోనాలోని ఇండ్లవెలలు పెరిగిపోవుట చూచిన ఇటాలియను గృహస్థునికి వెంటనే తెలియును.

మూడవవారు పదవీవిరమణ చేసిన తెలుగు మాస్టారు. వారికి పరదేశపు కథ యక్కరలేదు. “మనదేశంలో ఇల్లు కొన్న దొర లేడా?” యని కడపకు పోయినారు. 1820లో కడపకు వచ్చిన ఆంగ్లేయోద్యోగి సి.పి. బ్రౌను అచ్చట బంగళా కొని, పండితులను కూర్చుండబెట్టి, పురుగు తొలిచిన తాళపత్రములను పరిష్కరింపజేసినాడు. అతని బంగళా శిథిలమైపోగా, ఆ స్థలమున గ్రంథాలయము వెలయుటకు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పడిన శ్రమ మన తరమువారెరిగినదే. ఇల్లు కూలినను గ్రంథములు నిలిచినవి, అదియే జీర్ణోద్ధారమని మాస్టారి పక్షము. నాకిందు మరియొక సంగతి ముఖ్యముగా తోచినది. జూలూరి అప్పయ్య మొదలైన పండితుల పేర్లు మనకు తెలిసియుండుటకు, బ్రౌను వారిని పేరుపేరున వ్రాసియుంచుటయే కారణము. పనిచేయించుకొన్నవాడు పనివాని పేరు చెప్పుటయు ఒక విద్య. మేల్ ఆ విద్యలో తక్కువవాడు కాడు. వేడిగొట్టములు వేయు మెనికూచ్చిని అతడు మరువరాని పాత్రగా నిలిపినాడు. అయితే పేరు చెప్పుట వేరు, పక్షము వినుట వేరు.

ఈ పక్షపు మాట నాకు తెలిపినది నాలుగవ శ్రోతయగు తాపీమేస్త్రి. అతడు పగలు పిన్నిగారి యింటనే పనిచేయుచున్నాడు, ఏలయన టెక్సాసునందలి ఆ కుమారుడు తాతగారి మండువా లోగిలిని బాగుచేయింపవలెనని నిశ్చయించుకొన్నాడు. వీథి అరుగు, వసారా, నడుమ ఆకాశము కనబడు మండువా, దానిచుట్టును రంగూను టేకు స్తంభములు, పైని నాటుపెంకు. వెనుకటి తరమువారు చెమ్మ పట్టిన గోడలకు మొలయెత్తున సిమెంటు పూయించినారు. అదియే వానికి కీడు చేసినది. మేస్త్రి నన్ను పిలిచి చూపినాడు: బొటనవ్రేలితో తట్టగా డొల్లమ్రోత వచ్చినది, ఉలి అంచుతో ఎత్తగా సిమెంటు పలకవలె ఊడి, తనతోపాటు ఇటుక పైపొరను కూడ పెరికికొని వచ్చినది, లోపల తెల్లని ఉప్పు పూత, ముట్టుకొనిన రాలు ఎఱ్ఱపొడి. నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు పగులును. నేలనుండి ఎగబ్రాకిన చెమ్మను గుల్లసున్నపు పూత బయటికి పోనిచ్చును, సిమెంటు పోనీయదు. కరక్కాయ, బెల్లము నానవేసిన నీళ్ళతో సున్నమును గానుగాడించిన దినములను అతడు చిన్నతనమున తండ్రివెంట చూచినాడు. ఇప్పుడు గానుగ లేదు, ఆడించు ఎద్దులును లేవు. మిక్సరులో త్రిప్పుచున్నారు. “నాన్నగారి సున్నం కాదు గానండి, గోడకి ఊపిరాడుద్ది” అన్నాడు.

అట్టి మేస్త్రికి మేల్ కథ చెప్పునప్పుడు, పనివారు నెలలతరబడి మాయమగు ఘట్టమున నేను కొంత హాస్యము జోడించితిని. అందరు నవ్వినారు, అతడు నవ్వలేదు. ప్రోవెన్సు వారి కాలము వేరు, రేపనిన వచ్చే వారము, వచ్చే వారమనిన ఎప్పుడో, అని మేల్ చమత్కరించు తీరు చెప్పగా, మేస్త్రి బీడీ ఆర్పి, “ఆయ్, అది కాదండి” అని ప్రారంభించినాడు. మృగశిర కార్తె వచ్చులోపల ఊరిలో పెంకు తిరగవేయించుకొనని యిల్లుండదు; అందరును ఒకే పక్షమున పిలుతురు. ఎవరికి రానన్నను మరుసటేడు వారు మరియొక మేస్త్రిని పిలుతురు. కావున నాలుగిండ్ల ఒక్కొక్క మూల ముట్టుకొని, కారునింటి పని ముందు ముగించి, కారని యింటివారిచేత తిట్లు తినవలెను. కోతలు వచ్చెనా, కూలివాండ్రందరును చేలకు పోదురు, తానొక్కడు నిచ్చెన యెక్కి ఏమి చేయగలడు? “ఆ ఫ్రాన్సు మేస్త్రికి కూడా ద్రాక్ష కోతలుంటాయి కదండీ?” అని అడిగినాడు. ఉండును. ద్రాక్షకోత మేల్ పుస్తకమున కలదు. అది ఋతువర్ణనగా కలదు.

నేనెంత తరచి చూచినను, ఈ జాతి గ్రంథములమీది రాగద్వేషములు ఇచ్చటనే పుట్టుచున్నట్లు కనబడుచున్నది. ఇల్లు కొన్నవాడు తన క్యాలెండరుతో కథ నడపును, ఆ క్యాలెండరుతో బ్రతుకు పాఠకుడు నవ్వును. నిచ్చెనమీది వాని పంచాంగముతో బ్రతుకువాడు ఆ నవ్వులో కూడలేడు. మేయెస్ గ్రంథమును 2003లో చలనచిత్రముగా తీసినవారు, సహచరునితో కలిసి ఆమె కొన్న యింటిని, విడాకులు పొందిన ఒంటరి స్త్రీ ఆవేశమున కొన్నదిగా మార్చుట చూడుడు. సున్నమును సొమ్మును వెనుకకు పోయి హృదయము ముందుకు వచ్చినది. అది చూచి కోర్టోనాకు బయలుదేరువారికి మేస్త్రి లెక్కలతో పని లేదు.

ఇప్పుడు పిన్నిగారి కుమారుడును వ్రాయుచున్నాడు. చిత్రమేమనగా, అతడు పుట్టిన యూరు అతని పిల్లలకు పరదేశమైనది. మేల్ ఫ్రాన్సును చూచినట్లు వారు మండువాను చూచుచున్నారు, వానచుక్క నట్టింట పడుట చూచి కేరింతలు కొట్టుచున్నారు, తల్లి చీపురు వెదకుచున్నది. ఉండని యింటికి ఇంత ఖర్చేల యని పిన్నిగారి చింత. ఆ చింత అతని వ్రాతలోనికి ఇంకను ఎక్కలేదు. అతడు పంపిన పుటలలో భాష చక్కగా నున్నది, చూరు క్రింది నీడను గూర్చి వ్రాసిన వాక్యము నన్ను అసూయపరచినది. రెండవ ప్రకరణమున, పనిమధ్యమున నిచ్చెన గోడకు ఆనించి వదలిపెట్టి, ఫోనునకు పలుకక, ఇరువది దినములు కనబడని మేస్త్రి కలడు, హాస్యమునకు కొదువలేదు.

ఆ ప్రకరణమును అరుగుమీద చదివి వినిపించినాను. మేస్త్రి తన వేషమును తాను గుర్తుపట్టి మొదట నవ్వినాడు, పిమ్మట కొంత యాలోచించి, బాబుగారికి ఒకమాట చెప్పుమన్నాడు: ఆ యిరువది దినములును తాను చేబ్రోలులో బడిపిల్లలు కూర్చుండు గది కప్పుమీద నుంటినని, అది కారుచుండినదని, బడి తెరచులోపల అయిపోవలెనని. “రాసుకోమనండి, నాకేం బాధ లేదు. నవ్వించమనండి కూడాను. ఆ బడి సంగతొక్కటి కలిపి రాయమనండి.”

నేను ఆ రాత్రియే టెక్సాసునకు వ్రాసినాను. బాబుగారు సమాధానమిచ్చినాడు: కలిపినచో హాస్యము చెడునేమో యని సందేహించుచున్నాడు.