తొమ్మిదో కాగితం

ఈ వారం కాలమ్ ఒక రోజు ఆలస్యంగా పంపాను. తప్పు నాది కాదు, తొమ్మిదో కాగితానిది. కాస్త ఆగితే నాదేనని నేనే ఒప్పుకుంటాను.

మా వీధిలో శ్రీశైలం డ్యాము ముంపు కుటుంబం ఒకటి ఉంది. ముంపు అంటే ఏమిటో సున్నిపెంటలో విడమర్చి చెప్పక్కర్లేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాల కోసం 1986లో వచ్చిన 98 జీవో గురించి అసలే అక్కర్లేదు. ఇక్కడి పిల్లలకు ఎక్కాలకంటే ముందు ఆ నంబరే నోటికొస్తుంది. ఆ ఇంటి మనవడు నంద్యాలలో చదువుకుంటున్నాడు. తాత ట్రంకుపెట్టెలో దాచిన భూసేకరణ అవార్డు నకళ్లు, నోటీసులు, రసీదులు మొత్తం 64 కాగితాలు ఫోన్లో స్కాన్ చేసుకొని వచ్చాడు.

"అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ పెట్టాలంట సార్. ఈ యాప్‌లో కలిపితే ప్రతి పేజీ మీదా దాని పేరే పడుతోంది" అన్నాడు.

చూశాను. అధికారి గుండ్రటి ముద్ర మీద అడ్డంగా యాప్ ముద్ర! తీసేయాలంటే డబ్బు కట్టాలట. పోనీ ఏదైనా వెబ్‌సైటులో కలుపుదామా అంటే, నా సంగతి మీకు తెలిసిందే. ఇంటి కాగితాలను ఎవరిదో తెలియని సర్వర్‌కు ఎక్కించి కలిపించుకోవడమంటే, బీరువా తాళాలు బస్టాండులో ఎవరికో ఇచ్చి భోజనానికి వెళ్లడమేనని ఇక్కడ ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు.

అందుకని నల్లతెర, అదే టెర్మినల్, తెరిచాను. నా పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉంది. దాంట్లో పీడీఎఫ్‌యునైట్ అని ఒక పనిముట్టు. బొమ్మల్లేవు, బటన్లు లేవు. దాని పేరు కొట్టి, కలపాల్సిన ఫైళ్ల పేర్లు వరసగా రాసి, చివర కొత్త ఫైలుకు ఒక పేరు పెట్టి ఎంటర్ నొక్కడమే. నెట్ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. పాప్లర్ అనే ఉచిత మూటలో వస్తుంది. పేజీలను విడదీసే పీడీఎఫ్‌సెపరేట్, లోపలి అక్షరాలను బయటికి లాగే పీడీఎఫ్‌టుటెక్స్ట్ కూడా ఆ మూటలోవే. ఒక్కోటి ఒక్క పనే చేస్తుంది.

ఈ ఒక్కటే పని అనే పద్ధతి పాతది. మన డ్యాముకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. మరుసటి ఏడాదే అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ అనే ఆయన, తోటకు నీళ్లు పట్టే గొట్టాల్లాగా ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించుకోగలగాలని రాసిపెట్టాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1973లో, కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో చేసి చూపించాడు. దాని పేరు కూడా పైపే. పెన్‌స్టాక్‌లో దిగిన నీరు టర్బైను తిప్పి మళ్లీ కృష్ణలోకే పోవడం రోజూ చూసేవాళ్లం, మనకు ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది?

ఇంతవరకు బాగానే ఉంది. 1 నుంచి 64 దాకా ఫైళ్ల పేర్లు కొట్టడానికి బద్ధకమేసింది. పేర్ల బదులు ఒక నక్షత్రం గుర్తు పెడితే ఫోల్డర్‌లోని పీడీఎఫ్‌లన్నీ వస్తాయి. పెట్టాను. ఎంటర్. రెప్పపాటులో అయిపోయింది. కుర్రాడు "అబ్బా!" అన్నాడు. నేను మీసం దువ్వుకున్నాను.

తర్వాత ఇద్దరం కొత్త ఫైలు కోసం వెతికాం. లేదు. చివరికి 9 అనే ఫైలు తెరిస్తే అందులో 63 పేజీలు! పది, పదకొండు ముందొచ్చాయి, రెండు ఎక్కడో వెనకుంది. ఆ పనిముట్టు నియమం ఒక్కటే: చివర ఏ పేరుంటే ఫలితం దాంట్లో పెడుతుంది. నేను చివర కొత్త పేరు రాయలేదు. యంత్రం పేర్లను నిఘంటువు వరసలో పేరుస్తుంది, అంకె విలువ చూడదు. అందుకే 64 కంటే 9 వెనకొచ్చింది. దాన్నే ఫలితం పేరనుకొని, తొమ్మిదో కాగితాన్ని చెరిపేసి మిగతా కట్టను అక్కడ పెట్టింది. అడగలేదు, హెచ్చరించలేదు.

నాకు రికార్డు రూము సాయిబు గుర్తొచ్చాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను భూసేకరణ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. కరెంటు ఫైలు వేరు, నోటు ఫైలు వేరు. ముగిసిన ఫైలు మీద ఆర్ డిస్ అని పడితే శాశ్వతం, డి డిస్ పదేళ్లు, ఎల్ డిస్ ఏడాది. ఆ కట్టలన్నీ చివరికి సాయిబు దగ్గరికే చేరేవి. ఆయన ముందు అంచులు బల్ల మీద తట్టి సమం చేసేవాడు. బొటనవేలు తడి చేసుకొని ఒక్కో పుట తిప్పుతూ కుడిపక్క పైమూల ఎర్రసిరాతో అంకె వేసేవాడు. ఎడమ మూల దబ్బనంతో పొడిచి తెల్ల ట్యాగు దూర్చి ముడి వేసేవాడు. చివర ఇన్ని పుటలని రాసి సంతకం.

ఒకసారి నేనే అంకెలు వేసి, కుట్టేసి పట్టుకెళ్లాను. కట్టను తెరవలేదు. చేతిలో అలా విదిలించి, "తొమ్మిది యాడప్పా?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. విప్పి చూస్తే ఎనిమిదో పుట వెనక రెవెన్యూ స్టాంపు బంక కారి తొమ్మిదిని కరిచిపట్టుకుంది. వేలి కింద మందం తేడా తెలిసిందట.

యంత్రానికి ఆ వేలు ఏదీ అని ఈ కాలమ్ ముగించేద్దామనే కూర్చున్నాను. మీరూ అదే ఊహించుంటారు. పదేళ్లుగా చదువుతున్నారు కదా. రాస్తుండగా రెండో సంగతి గుర్తొచ్చింది.

సాయిబు రిటైరైన ఏడాది ఒక అవార్డు ఫైలు కావాల్సొచ్చింది. రిజిస్టరులో ఉంది, ర్యాకులో లేదు. ఏ కట్టను ఎందుకు ఎక్కడికి మార్చాడో అంతా ఆయన తలలోనే ఉండేది. మనిషిని పంపితే, ఆయనకూ సరిగ్గా గుర్తులేదు. ఆ వేసవంతా ముగ్గురం దుమ్ము మింగాం. సంగమేశ్వరం గుడైనా నీళ్లు తగ్గితే బయటపడుతుంది, ఆ ఫైలు మాత్రం దొరకలేదు. దాని కోసం తిరిగిన రైతు ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

నల్లతెరలో పైబాణం మీట నొక్కాను. నేను కొట్టిన లైను పొల్లు పోకుండా అలాగే వచ్చి నిలబడింది. ఎక్కడ తప్పానో కుర్రాడే వేలు పెట్టి చూపించాడు. సాయిబు వేలు ఆయనతోనే పోయింది. ఈ లైను మాత్రం వాడు నోటుబుక్కులో రాసుకొని నంద్యాల తీసుకెళ్లాడు. రేపు హాస్టల్లో ఇంకొకడికి ఫోన్లోనే చెప్పగలడు. నల్లతెరే మేలు. సాయిబు ఉంటే నాతో వారం మాట్లాడడు, అయినా సరే.

తొమ్మిదో కాగితం ట్రంకుపెట్టెలోనే భద్రంగా ఉంది కాబట్టి మళ్లీ స్కాన్ చేశాం. ముంపు కాగితాలున్న ప్రతి ఇంటికీ నా మనవి: స్కాన్ అయ్యాయని అసలువి పారేయకండి. ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు 1, 2 అని కాదు, 01, 02 అని పెట్టండి. వందకు చేరితే ఇంకో సున్నా చేర్చండి. నక్షత్రం పెట్టాక, ఎంటర్ కొట్టేముందు, చివర కొత్త పేరు రాశారో లేదో ఒక్కసారి చూసుకోండి.