కార్బురేటర్ వంతు చివర

అంబాసిడర్ ఇంజన్ లాగడం లేదన్న ఫిర్యాదులో చాలా రకాలున్నాయి. స్లోలో నిలవకపోవడం వేరు. యాక్సిలరేటర్ తొక్కగానే క్షణం తడబడి అందుకోవడం వేరు. ఘాట్ రోడ్డు మీద ఊపిరి చాలకపోవడం, ఇరవై కిలోమీటర్లు చక్కగా నడిచి వేడెక్కాక ఆగిపోవడం, ఇవి మళ్లీ వేరే. వీటన్నిటికీ చాలా షెడ్లలో జరిగే వైద్యం మాత్రం ఒకటే: కార్బురేటర్ విప్పి, పెట్రోలుతో కడిగి, బిగించడం. ఆ పని చివర చేయాల్సింది. ముందు ఇంజన్ గాలిని సరిగ్గా నొక్కుతోందా, తర్వాత నిప్పు సమయానికి పడుతోందా, ఆ తర్వాతే పెట్రోలు. ఈ వరస తప్పితే ఒక లోపాన్ని ఇంకో లోపంతో కప్పిపుచ్చడమే అవుతుంది.

ఇక్కడి మాటలన్నీ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. బ్రిటన్‌లో బీఎంసీ సంస్థ ‘బీ సిరీస్’ పేరుతో చేసిన ఇంజన్ ఇది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా ఉత్తరపారలో తయారైన అంబాసిడర్‌లో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని దశాబ్దాల పాటు వాడింది. 73 మిల్లీమీటర్ల బోరు, 89 మిల్లీమీటర్ల స్ట్రోకు, పోత ఇనుప హెడ్డు, బ్లాకులోనే క్యామ్‌షాఫ్ట్, పుష్‌రాడ్లు. 2014లో కారు ఉత్పత్తి ఆగేనాటికి డీజిల్ ఇంజన్లు, ఇసుజు ఇంజన్లు కూడా ఆ బానెట్ కింద చేరాయి కాబట్టి ముందుగా ఉన్నది ఏ ఇంజనో చూసుకోవాలి.

అసలు తప్పు ఇంజన్‌దేనా అన్నది మొదటి ప్రశ్న. చదునైన నేల మీద గేరు తీసి ఒక మనిషి నెడితే కారు కదలాలి. కదలకపోతే బ్రేకులు పట్టేస్తున్నాయి. ఇంజన్ రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఈ రెండు చూడకుండా ఇంజన్ విప్పిన సందర్భాలు పాత కార్ల లోకంలో తక్కువేమీ కావు.

కంప్రెషన్ చూడటానికి ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ గట్టిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ విప్పాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ తొక్కడం మరిస్తే గాలి లోపలికి రాక బాగున్న ఇంజన్ కూడా జబ్బుదిగా కనిపిస్తుంది. గేజ్ మీద అంకె ఎంతన్నది రెండో మాట, నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది పది శాతం దాటితే తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులో, బోరో అరిగాయి. పెరగకపోతే వాల్వు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందని దాదాపు తేల్చుకోవచ్చు. ఈ ఇంజన్‌లో నడిమి రెండు సిలిండర్ల పొగ ఒకే పోర్టు గుండా బయటికి పోతుంది. అక్కడ వేడి ఎక్కువ కనుక రెండు, మూడు సిలిండర్ల మీద కాస్త ఎక్కువ కన్ను వేయాలి. యాక్సిలరేటర్ వదిలి దిగువకు వచ్చేటప్పుడు నీలం పొగ వస్తే వాల్వ్ గైడ్లను, లాగేటప్పుడు వస్తే రింగులను అనుమానించాలి.

వాల్వులు సరిగ్గా మూసుకోవాలంటే ట్యాపెట్ గ్యాపు సరిగ్గా ఉండాలి. దానికి తొమ్మిది లెక్క ఒకటుంది. ముందు నుంచి వాల్వులకు 1 నుంచి 8 వరకు అంకెలు వేసుకుని, పూర్తిగా తెరుచుకున్న వాల్వు అంకెను తొమ్మిదిలోంచి తీసేస్తే వచ్చేదే సరిచేయాల్సిన వాల్వు. ఎనిమిదోది తెరుచుకుంటే ఒకటోది, ఆరోది తెరుచుకుంటే మూడోది. టకటకలాడే ట్యాపెట్ చెవికి చిరాకే కానీ, చడీచప్పుడు లేని బిగుతు ట్యాపెట్ దానికంటే ప్రమాదం. వాల్వు పూర్తిగా కూర్చోక మాడిపోతుంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత ఇనుప హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వు సీటుకు ఆ సీసమే రక్షణగా ఉండేది. అది పోయాక, గట్టి సీట్లు వేయించని హెడ్డులో వాల్వు మెల్లగా లోపలికి కుంగి, గ్యాపు దానంతటదే తగ్గిపోతుంది. అందుకే ఈ బండికి ట్యాపెట్లు పాత రోజుల కంటే తరచుగా చూడాలి.

పాత కారు జబ్బుల్లో ఎక్కువ భాగం డిస్ట్రిబ్యూటర్‌లో, అంటే మెకానిక్కుల నోట ‘డెల్కో’లో ఉంటాయి. పాయింట్ల గ్యాపు మిల్లీమీటరులో మూడోవంతుకు కాస్త పైన, 0.35 నుంచి 0.40 మధ్య ఉండాలి. క్యామ్ మీద రాసుకునే పాయింట్ మడమ అరిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, దాంతో టైమింగ్ వెనక్కి పోతుంది. కారు బలం ఒక్కరోజులో కాక నెలల తరబడి, యజమానికి తెలియకుండా తగ్గడానికి ఇదొక పెద్ద కారణం. గ్యాపు మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి ముందు గ్యాపు, తర్వాతే టైమింగ్. షాఫ్ట్‌ను వేళ్లతో పట్టి ఊపితే ఆడితే గ్యాపు ఎంత పెట్టినా నిలవదు. అప్పుడు బుష్ మార్చాలి. ప్లగ్ గ్యాపు 0.6 మిల్లీమీటర్లకు కొద్దిగా ఎక్కువ. ఫీలర్ గేజ్ లేని షెడ్లలో హ్యాక్సా బ్లేడు వెన్ను దూర్చి చూస్తారు. దాని మందం సుమారుగా అంతే, కనుక నవ్వాల్సిన పనేం లేదు. పాయింట్లకు మాత్రం అది పనికిరాదు.

పాయింట్లు విడిపడేటప్పుడు పెద్దగా నీలం మెరుపు కనిపిస్తే కండెన్సర్ పోయింది. డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే బరువులు వేగాన్ని బట్టి టైమింగ్‌ను ముందుకు జరుపుతాయి. రోటర్‌ను అది తిరిగే దిశలో చేత్తో కొద్దిగా తిప్పి వదిలితే చటుక్కున వెనక్కి రావాలి. రాకపోతే బరువులు తుప్పుతో పట్టేశాయి. అప్పుడు స్లోలో హాయిగా తిరిగే కారు హైవే మీద లాగదు. వ్యాక్యూమ్ అడ్వాన్స్ పైపును నోటితో పీలిస్తే లోపలి ప్లేటు కదిలి, పీల్చినంతసేపూ అక్కడే నిలవాలి. నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగింది, మైలేజీ పడిపోతుంది. వానాకాలంలో మిస్ కొట్టే బండిని చీకట్లో స్టార్ట్ చేసి బానెట్ ఎత్తితే చాలు, మూత పగుళ్ల వెంట, వైర్ల మీద కరెంటు పాకడం కంటికే కనిపిస్తుంది.

ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలియాలంటే ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీయాలి. తీసినా ఇంజన్ చప్పుడు మారకపోతే దోషి అదే. పట్టుకారకు రబ్బరు తొడుగు ఉండాలి.

ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కు వ్యాక్యూమ్ గేజ్ తగిలిస్తే చాలా సంగతులు ఒకేసారి తెలుస్తాయి. విశాఖలో మంచి ఇంజన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాలు చూపించాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కనుక అదే కారు అక్కడ రెండంగుళాల దాకా తక్కువ చూపుతుంది, అది రోగం కాదు. ముల్లు కదలకుండా తక్కువలో నిలిస్తే టైమింగ్ వెనకబడి ఉండాలి, లేదా గ్యాస్కెట్ దగ్గర గాలి లీకవుతూ ఉండాలి. లయగా పడి లేస్తుంటే ఒక వాల్వు మాడింది. రేస్ చేసి పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంటే సైలెన్సర్ మూసుకుపోయింది.

వేడెక్కి ఆగిపోయే కారును ఆగిన నిమిషంలోనే చూడాలి, పావుగంట ఆగితే సాక్ష్యం పోతుంది. నిప్పు పడకపోతే వేడికి కాయిలో, కండెన్సరో చచ్చింది. నిప్పు ఉంటే పెట్రోలు రావడం లేదు. ట్యాంకు మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతే మూతకున్న రంధ్రం పూడిపోయింది, అంతే. ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి కాబట్టి రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో పైపులోనే పెట్రోలు ఆవిరై పంపు ఉత్తినే కొట్టుకుంటుంది. పంపు మీద తడిగుడ్డ వేయడం పాత డ్రైవర్ల చిట్కా, పని చేస్తుంది కూడా.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక కార్బురేటర్. అంబాసిడర్లలో ఎస్‌యూ, సోలెక్స్ రెండూ కనిపిస్తాయి. ఎస్‌యూలో పిస్టన్‌ను మిల్లీమీటరు కంటే కాస్త తక్కువ ఎత్తి చూడాలి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఇంజన్ ఆగిపోబోతే తక్కువ, క్షణం పెరిగి మామూలుకు వస్తే సరిగ్గా ఉన్నట్టు. తొక్కగానే తడబడితే పైన డ్యాష్‌పాట్‌లో ఆయిల్ ఉందో లేదో చూడాలి. సోలెక్స్‌లో అదే లక్షణం యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్‌ది. స్లోలో నిలవకపోతే పైలట్ జెట్‌లో నలుసు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ బరువులో మూడోవంతుకు పైగా ఆక్సిజనే. పాత జెట్ కొలతకు మిశ్రమం పలచబడి, కారు తడబడుతుంది, కార్బురేటర్‌లోంచి టప్‌మంటుంది. లీటరుకు వచ్చే శక్తి కూడా ఆరేడు శాతం తగ్గుతుంది. ఎస్‌యూలో జెట్ నట్టును కొద్దిగా కిందికి దింపడం, సోలెక్స్‌లో ఒక కొలత పెద్ద మెయిన్ జెట్ వేయడం దీనికి మందు. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కు ఉబ్బి చీలతాయి కాబట్టి దాన్ని తట్టుకునే రకం వేయాలి. ట్యాంకులో ఏళ్ల నాటి మడ్డిని కూడా ఇది వదులు చేస్తుంది. కొన్నాళ్లు ఫిల్టర్ తరచూ మార్చక తప్పదు. నెలల తరబడి కదలని బండిలో ఇథనాల్ తేమను పీల్చుకోవడంతో నీరు అడుగున చేరుతుంది. అలాంటి కారును షెడ్డులోంచి తీసేటప్పుడు స్టార్ట్ చేయకముందే ట్యాంకు, ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేయాలి.