పున్నమి లేని వెన్నెల

'మాయాబజార్'లో శశిరేఖ పెరిగి పెద్దదయ్యే ఘట్టం తెర మీద కొన్ని క్షణాలే ఉంటుంది. కొలను నీళ్లలో చిన్నపిల్ల నీడ కనిపిస్తుంది. నీళ్లు కదులుతాయి. తేటపడేసరికి అక్కడున్న నీడ సావిత్రిది. 1957 మార్చి 27న సినిమా విడుదలైన నాటి నుంచి ఆ షాటు చూసినవాళ్లలో 'ఇదెలా తీశారు' అని ఆగి ఆలోచించేవాళ్లు తక్కువే. పిల్ల పెద్దదైందని నమ్మేసి కథ వెంట వెళ్లిపోతారు. ప్రశ్నే పుట్టనివ్వని ఆ మాయ వెనకున్న కెమెరామన్ మార్కస్ బార్ట్లే.

బార్ట్లే పేరెత్తితే ముందుగా ట్రిక్కు షాట్ల మాటే వస్తుంది. ఆయన అసలు బలం మాత్రం ట్రిక్కు కంటే ముందు పరిచిన వెలుతురులో ఉంది. 'మిస్సమ్మ'లో అప్పాపురం జమీందారు ఇంటిని ఎంత శ్రద్ధగా వెలిగించారో, 'మాయాబజార్'లోని ద్వారకనూ అంతే శ్రద్ధగా వెలిగించారు. ఇంటి వసారాను నమ్మిన కన్ను ద్వారకనూ నమ్మింది. తెలుగు పౌరాణిక చిత్రాల ఛాయాగ్రహణానికి ఒక సంప్రదాయం ఉందంటే, దాని పునాది ఇక్కడే ఉంది.

వేమూరు గొంతు, తెనాలి బుర్ర

ఈ కథ జరిగింది మద్రాసు స్టూడియోల్లోనే అయినా, దాని వేళ్లు చాలావరకు పాత గుంటూరు జిల్లా మట్టిలోనివి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న వేమూరులో 1895లో వేమూరి గగ్గయ్య పుట్టారు. మైకుల్లేని నాటకశాలల్లో చివరి వరసలో కూర్చున్నవాడికీ పద్యం అందించిన గొంతు ఆయనది. 1933లో 'సతీ సావిత్రి'లో యముడిగా, 1935లో 'శ్రీకృష్ణ లీలలు'లో కంసుడిగా ఆ గొంతును తెరకు తెచ్చారు. రంగస్థలం మీద నటుడి పని అంతా పెద్దదిగా ఉండాలి. కనుబొమ లేస్తే చివరి బెంచీకి తెలియాలి, రాగం తీస్తే పందిరి దాటాలి. మన తొలి టాకీల్లో కెమెరా కూడా నాటకం చూడ్డానికి వచ్చిన మనిషిలాగే ఎదురుగా నిలబడేది. నటుడు స్పష్టంగా కనబడితే చాలు, వెలుతురు పని అయిపోయినట్టే.

శశిరేఖ కథ 1936లోనే ఒకసారి టాకీగా వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చేనాటికి కెమెరా కుర్చీలోంచి లేచింది. నటుడి చెంప దగ్గరికి వెళ్లడం నేర్చింది. అంత దగ్గర్నుంచి చూస్తున్నప్పుడు గొంతు తగ్గాలి, కనుబొమ తగ్గాలి, వెలుతురులో మాత్రం నేర్పు పెరగాలి.

ఆ మార్పుకు పెట్టుబడీ అభిరుచీ ఇచ్చినవాళ్లలో చక్రపాణి ఒకరు. తెనాలి ఐతానగరంలో 1908లో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావు ఆయన. బెంగాలీ నుంచి శరత్ నవలలను తెలుగు చేశారు. 1947లో నాగిరెడ్డితో కలిసి 'చందమామ' పెట్టారు, ఆ తర్వాత 'మాయాబజార్' తీసిన విజయా సంస్థ నడిపారు. 'మాయాబజార్'కు కళాధర్‌తో కలిసి కళాదర్శకత్వం చేసిన మా. గోఖలే గుంటూరు జిల్లా బ్రాహ్మణ కోడూరు మనిషి. చిత్రకారుడు, కథకుడు కూడా. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడికి వివాహ భోజనం పాట పాడిన మాధవపెద్ది సత్యానిదీ అదే ఊరు. శశిరేఖగా నటించిన సావిత్రిది చిర్రావూరు. వీళ్లందరి పనినీ చివరికి ఫిల్ము మీదికి ఎక్కించే బాధ్యత ఒక ఆంగ్లో ఇండియన్ చేతిలో పడింది.

బార్ట్లే సినిమాల్లోకి రాకముందు పత్రికా ఫొటోగ్రాఫరు, న్యూస్‌రీళ్లకూ పనిచేశారు. అక్కడ లైట్లు అమర్చుకునే వీలుండదు. కిటికీ లోంచి ఎండ ఎలా పడుతుందో, మధ్యాహ్నం మొహాల మీద నీడ ఎక్కడ ఆగుతుందో చూసి పట్టుకోవాల్సిందే. ఆ అలవాటుతో ఆయన 1945లో బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ'కు పనిచేశారు. 1950లో విజయా వారి మొదటి చిత్రం 'షావుకారు', 1951లో 'పాతాళభైరవి', 1955లో 'మిస్సమ్మ', 1961లో 'జగదేకవీరుని కథ', 1962లో 'గుండమ్మ కథ' ఆయన తీసినవే. పల్లెటూరి ఇరుగుపొరుగు తగాదా, మాంత్రికుడి గుహ, అద్దె కాపురం, ఇంద్రలోకం, అన్నీ ఒకే కంటి కిందికి వచ్చాయి.

ముందు ఇల్లు, తర్వాత ఇంద్రజాలం

స్టూడియోలో వెలుతురు అంటే మూడు పనులు. ముఖం మీద పడే ప్రధానమైన లైటు ఒకటి. దీన్ని కీ లైటు అంటారు. అది వేసిన నీడలు మరీ నల్లబడకుండా పలచన చేసేది ఫిల్ లైటు. మనిషిని వెనక గోడ నుంచి విడదీసి, జుట్టు అంచునా భుజం అంచునా సన్నటి గీత గీసేది బ్యాక్ లైటు. ఈ మూడూ అందరికీ తెలిసినవే. వీటి మధ్య పాళ్లు ఎంత, దిక్కు ఏది అన్న దగ్గరే కెమెరామన్‌కూ కెమెరామన్‌కూ తేడా వస్తుంది.

'మిస్సమ్మ'లో గది చూడండి. వెలుతురు ఏదో ఒక పక్కనుంచే వస్తున్నట్టుంటుంది. అటు కిటికీ ఉందని, లేదా దీపం ఉందని మనకు తెలియకుండానే తెలుస్తుంది. పాత్ర అటు నడిస్తే ముఖం తెల్లబడుతుంది, ఇటు తిరిగితే మెత్తబడుతుంది. సెట్టుకు నాలుగో గోడ లేదని, పైకప్పు లేదని, పైన బల్లల మీద లైట్‌బాయ్‌లు చెమటలు కక్కుతున్నారని ప్రేక్షకుడికి తోచదు. ఆనాటి ఫిల్ము ఇప్పటి కెమెరాల్లా కొద్దిపాటి వెలుతురుకు స్పందించేది కాదు. సెట్టు నిండా పెద్ద లైట్లు మండితే గానీ బొమ్మ పడేది కాదు. అంత వేడిలో, అంత కాంతిలో 'సాయంత్రం ఇంట్లో కూర్చున్నట్టు' అనిపించాలంటే లైట్లు పెట్టడం కంటే ఆపడం ఎక్కువ తెలిసుండాలి. నల్ల అట్టలతో కొంత, వలగుడ్డలతో కొంత కోసి, అనవసరమైన చోట వెలుగు పడకుండా చూడాలి.

పౌరాణికానికి వచ్చేసరికి పని ఇంకా చిక్కు. కిరీటాలు, భుజకీర్తులు, జరీ అన్నీ లైటుకు మెరిసి కళ్లల్లో పొడుస్తాయి. మెరుపు కాస్త చంపాలి, రాజసం చావకూడదు. పైగా నలుపు తెలుపు ఫిల్ముకు రంగులు తెలియవు. ఎరుపు చీర, ఆకుపచ్చ గోడ కంటికి ఎంత వేరుగా ఉన్నా, ఫిల్ము మీద రెండూ ఒకే బూడిద రంగుగా తేలి కలిసిపోవచ్చు. అందుకే కళాదర్శకుడు గోడకు వేసే రంగు, దుస్తులవాళ్లు ఎంచే బట్ట, మేకప్ మనిషి పూసే పూత, అన్నిటినీ 'ఇది బూడిదలో ఏ మెట్టున పడుతుంది' అన్న లెక్కతోనే చూడాలి. గోఖలే, కళాధర్ వంటి చిత్రకారులు పక్కన ఉండటం కెమెరాకు ఎంత కలిసొచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది.

వెన్నెల ఎలా పుడుతుంది

'లాహిరి లాహిరి' పాటలో మూడు జంటలు ఒకదాని వెంట ఒకటి పడవ ఎక్కుతాయి. ఘంటసాల, లీల గొంతులు, పింగళి మాటలు సరే. ఆ పాటను పట్టి నిలిపేది మాత్రం వెన్నెల. అసలు వెన్నెల్లో ఆనాటి ఫిల్ము మీద నల్లటి మరక తప్ప మరేమీ పడదు. కాబట్టి వెన్నెలను తయారుచెయ్యాలి. పాటలో కొద్ది ముక్క ఎన్నూరు దగ్గర నీళ్ల మీద, మిగతాది స్టూడియోలో తీశారని చెబుతారు. అది నిజంగా కలిసిపోయిందనడానికి సాక్ష్యం మన కళ్లే. ఏది బయటిది, ఏది లోపలిది అని అతుకు వెతకాలంటే పాట ఆపుకుని చూడాల్సిందే.

పగటిని రాత్రి చేయడానికి నలుపు తెలుపు కెమెరామన్లకు తెలిసిన దారి ఒకటుంది. లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెడితే ఆకాశపు నీలం ఫిల్ముకు చేరదు. పట్టపగలే ఆకాశం నల్లబడుతుంది. కానీ అదే ఫిల్టరు చర్మాన్నీ పెదవులనూ పాలిపోయేలా చేస్తుంది, అందుకు తగ్గట్టు మేకప్ మార్చాలి. సూర్యుణ్ణి మనుషుల వెనక ఉంచుకోవాలి. అప్పుడు నీటి అలల మీద తెల్లటి దారి ఏర్పడుతుంది, జుట్టు అంచులు వెలుగుతాయి, ముఖాలు నీడలో ఉంటాయి. ఎక్స్‌పోజరు తగ్గిస్తే చుట్టుపక్కలంతా చీకట్లో మునుగుతుంది. స్టూడియోలో అయితే అదే లెక్కను లైట్లతో తిరగరాయాలి. వెనకనుంచి ఒకే దిక్కున గట్టి వెలుగు, ముందు నుంచి కళ్లు తెలిసేంత మాత్రమే.

ఇందులో ఎంత లాఘవం ఉందో ఒక పొరపాటును ఊహిస్తే తెలుస్తుంది. పడవ తిరిగినప్పుడు వెలుగు దిక్కు మారకపోతే ఆకాశంలో ఇద్దరు చంద్రులున్నట్టే. ప్రేక్షకుడు ఆ మాట పైకి అనడు, మనసులో మాత్రం నమ్మకం సడలుతుంది. ఆ సడలింపు రాకుండా పాట ఆసాంతం నడవడమే బార్ట్లే సాధించింది.

వెనక్కి తిప్పిన ఫిల్ము

ఇక ట్రిక్కుల సంగతి. అప్పుడు కంప్యూటరు లేదు. మాయ చాలావరకు కెమెరా కడుపులోనే జరగాలి. ఒక మనిషి మరో మనిషిగా మారాలంటే, మొదటి నటుణ్ణి తీస్తూ షట్టరును మెల్లగా మూయాలి. ఫిల్మును సరిగ్గా ఆ ఫ్రేముల లెక్కన వెనక్కి తిప్పాలి. రెండో నటుణ్ణి అదే చోట, అదే ఎత్తున నిలబెట్టి, షట్టరును మెల్లగా తెరుస్తూ అదే ఫిల్ము మీద మళ్లీ తీయాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, వెనక గోడ రెండుగా కనబడుతుంది. తప్పు జరిగినట్టు లాబొరేటరీలో ఫిల్ము కడిగితే గానీ తెలియదు.

ఒకే ఫ్రేములో రెండు వేర్వేరు దృశ్యాలు కావాలంటే మాస్కు వాడతారు. ఫ్రేములో కొంత భాగాన్ని నల్ల అట్టతో కప్పి మిగతాది తీస్తారు. ఫిల్ము వెనక్కి తిప్పి, ఈసారి రెండో భాగాన్ని కప్పి మొదటిది తీస్తారు. 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె మూత తెరిస్తే శశిరేఖకు అభిమన్యుడు కనబడి పాడతాడు. ఇవాళ్టి పిల్లలు దాన్ని వీడియో కాల్ అంటారు. అలాంటి దృశ్యంలో పెట్టెలోని బొమ్మకూ పెట్టె పట్టుకున్న చేతికీ వెలుగు పాళ్లు కుదరాలి. లోపలి బొమ్మ మరీ ప్రకాశిస్తే అతికించినట్టు ఉంటుంది, మరీ మసకబారితే విరహం పోయి అనుమానం మిగులుతుంది.

ద్వారక నగరం సుమారు 50 అడుగులకు 60 అడుగుల జాగాలో మూడు వందల బొమ్మ ఇళ్లతో కట్టిన మినియేచరు అని చెబుతారు. ఇంటింటికీ చిన్న దీపం. బొమ్మ ఊరు పెద్ద ఊరులా కనబడాలంటే దగ్గరి గోపురమూ దూరపు గోపురమూ ఒకే పదునుతో ఉండాలి. అందుకు లెన్సు ద్వారాన్ని బాగా చిన్నది చేయాలి, ఆ లోటు తీరేలా లైటు పెంచాలి. పెంచితే ఇళ్లలో దీపాలు వెలవెలబోతాయి. ఈ రెండింటి మధ్య తూకం కుదిరిన చోట ద్వారక ఊపిరి పోసుకుంది.

క్యోటోలో ఒక సాటివాడు

సరిగ్గా అదే కాలంలో జపాన్‌లో కజువో మియాగావా అనే కెమెరామన్ ఇలాంటి తపస్సే చేస్తున్నారు. చక్రపాణి పుట్టిన 1908లోనే ఆయన క్యోటోలో పుట్టారు. చిన్నప్పుడు సిరాతో బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. నీళ్లు కలిపే కొద్దీ నలుపు ఎన్ని ఛాయలుగా విడిపోతుందో ఆయన కంటికి అప్పుడే తెలిసింది. 1926లో నిక్కత్సు స్టూడియో లాబొరేటరీలో చేరి, తర్వాత కెమెరా పట్టారు. 1950లో కురొసావా 'రషోమన్'లో సూర్యుడి వైపే కెమెరా తిప్పి, ఆకుల సందుల్లోంచి ఎండను ఫిల్ముకెక్కించారు. చెట్ల కింద చీకటిగా ఉన్న ముఖాల మీదికి అద్దాలతో ఎండను మళ్లించారు. 1953లో మిజొగుచి 'ఉగెత్సు'లో పొగమంచు కమ్మిన సరస్సు మీద పడవ వెళ్లే ఘట్టాన్ని చాలావరకు స్టూడియో నీటితొట్టిలోనే తీశారు.

'ఉగెత్సు' పడవనూ 'లాహిరి' పడవనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ కృత్రిమమైన నీళ్ల మీద నమ్మకం మోసిన పడవలే. మియాగావా మంచుతో ఒడ్డును చెరిపేశారు. ముందేముందో తెలియని భయం అందులోంచి పుట్టింది. బార్ట్లే వెన్నెలతో నీటిని విప్పారు. అక్కడ పుట్టింది సరసం. ఒకరికొకరు తెలిసిన దాఖలా లేని ఇద్దరు, వేర్వేరు కథల కోసం, ఒకే సూత్రం పట్టుకున్నారు. లేని ప్రకృతిని కట్టాలంటే ఉన్న ప్రకృతిని ముందు క్షుణ్ణంగా చదివి ఉండాలి.

రంగుల పరీక్ష

నలుపు తెలుపుతోనే బార్ట్లే పని ముగియలేదు. 1965లో రాము కరియాట్ తీసిన మలయాళ చిత్రం 'చెమ్మీన్'లో రంగుల్లో సముద్రాన్ని పట్టారు. ఆ చిత్రం రాష్ట్రపతి స్వర్ణపతకం పొందింది. 1969 నాటి తమిళ చిత్రం 'శాంతి నిలయం' ఆయనకు ఛాయాగ్రహణంలో జాతీయ పురస్కారం తెచ్చింది. 1993లో మరణించారు.

2010లో 'మాయాబజార్'కు రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు. కొత్త తరాన్ని థియేటరుకు రప్పించిన మేరకు అది మంచి పనే. అయితే చూపు నిలిపి చూస్తే ఒకటి బోధపడుతుంది. బార్ట్లే వెలుగును బూడిద మెట్ల మీద కట్టారు. ఏ ముఖం ముందుకు రావాలో, ఏ స్తంభం వెనక్కి తగ్గాలో ఆ మెట్లే చెప్పేవి. వాటి మీద నీలం, ఎరుపు, పసుపు పరిస్తే కన్ను వెలుగును వదిలి రంగు వెంట పోతుంది. వెన్నెల నీలిరంగైపోయింది, కానీ లోతు కొంత పలచబడింది. రంగుల ప్రతి చూసి ముచ్చటపడినవాళ్లు ఒక్కసారి నలుపు తెలుపు ప్రతి కూడా చూడాలి, వీలైతే శబ్దం ఆపేసి.

ఇప్పుడు తెలుగు సినిమా గ్రాఫిక్స్‌కు పెట్టే ఖర్చుకు లోటు లేదు. అయినా కొన్ని కోటలు అట్టముక్కల్లా తోచడానికి కారణం తరచూ కంప్యూటరు లోపం కాదు. నటుడి మీద పడ్డ వెలుగు ఒక దిక్కున, వెనక కోట మీద వెలుగు మరో దిక్కున ఉంటుంది. విజయా సెట్లలో ఈ తప్పును సెట్టు మీదే ఆపేవారు, ఎందుకంటే తర్వాత దిద్దుకునే అవకాశం వాళ్లకు లేదు. ఆ లేమి నేర్పిన క్రమశిక్షణే వాళ్ల సంపద. తెనాలిలో, వేమూరులో, రేపల్లెలో ఇవాళ ఫోనుతో షార్ట్ ఫిల్ములు తీస్తున్న కుర్రాళ్లకు ఆనాటి మిచెల్ కెమెరా అక్కర్లేదు, వాహినీ స్టూడియో ఫ్లోరు అక్కర్లేదు. సాయంత్రం తమ ఇంటి వసారాలో వెలుగు ఎటునుంచి వచ్చి ఎవరి ముఖం మీద ఎక్కడ ఆగుతుందో చూడటం మొదలుపెడితే, బార్ట్లే బడిలో చేరినట్టే. ఎఫెక్టులు ఆ తర్వాత నేర్చుకోవచ్చు.