పాట ఎట్లుందో చెప్పనివ్వండి

కొత్త ఆల్బమ్ వస్తే దోస్తులు కూడి నాలుగు మాటలు అనుకోవడం అందరూ చేసే పనే. గిటార్ బాగుంది, గొంతు తేలిపోయింది, రెండో పాట ఎక్కడో విన్నట్టుంది... ఇట్లా. మీరు చెప్తే అది అభిప్రాయం. మేం చెప్తే వాంగ్మూలం. మేం నోరు తెరవగానే పాట పక్కకు పోతుంది, మా పేరు ముందుకొస్తుంది.

1997నే తీసుకోండి. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్ళని ఆ ఆగస్టులో ఏ.ఆర్. రెహమాన్ 'వందేమాతరం' వచ్చింది. అందులో 'గురూస్ ఆఫ్ పీస్' అనే పాటలో నుస్రత్ ఫతే అలీఖాన్ రెహమాన్‌తో గొంతు కలిపాడు. అదే నెల 16న నుస్రత్ పోయాడు. ఆయన ఆలాపన ముందు ఆ పాటలోని ఇంగ్లీషు మాటలు సభలో ఉపన్యాసంలా ఉన్నాయని మేమన్నాం. సంగీతం గురించి అన్న మాట అది. జవాబు మాత్రం సంగీతంలో రాలేదు. "మీవాళ్ళకు వందేమాతరం పడదు గదా!" అన్నారు. చేసినవాడు రెహమాన్, పక్కన పాడినవాడు నుస్రత్. పడనిది మాత్రం మాకట!

అదే ఏడు పాకిస్తాన్ నుంచి జునూన్ బృందం 'ఆజాదీ' వచ్చింది. 'సయోనీ' ఇక్కడి కాలేజీ పిల్లల నోళ్ళలో నానింది. మిగతావాళ్ళకు నచ్చితే రాక్, మాకు నచ్చితే రాజద్రోహం. సల్మాన్ అహ్మద్ గిటార్‌ను జానపదం దారిన నడిపించడం, దానికి తబలా బదులు చెప్పడం మాకు నచ్చాయి. అలీ అజ్మత్ గొంతు చాలాచోట్ల పాటను వదిలి అరుపుకు ఎక్కడం నచ్చలేదు. ఈ రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ జునూన్‌నే 1998లో, అణుబాంబుల పోటీకి వ్యతిరేకంగా మాట్లాడినందుకు, పాకిస్తాన్ సర్కారు తన టీవీలో, రేడియోలో రాకుండా చేసింది. అక్కడ ద్రోహులు, ఇక్కడ శత్రువులు. పాట మాత్రం రెండు చోట్లా ఒకటే.

గానా బజానా హరాం అనే మా పెద్దలతో కొట్లాట వేరే ఉంది. దాన్ని ఇక్కడ విప్పం. వాళ్ళ దగ్గర ఒక న్యాయం ఉంది లెండి: ఏ దేశం పాటైనా సమానంగా హరామే.

ఇవన్నీ పాత ముచ్చట్లు అనుకుంటుండగా 2024 మే నెలాఖరున అరూజ్ ఆఫ్తాబ్ 'నైట్ రెయిన్' వచ్చింది. రాత్రి ఏలుబడి అన్నమాట. ఈమె లాహోర్‌లో పెరిగి అమెరికాలో స్థిరపడిన గాయని, 2022లో 'మొహబ్బత్' పాటకు గ్రామీ అందుకుంది. తొమ్మిది పాటల ఈ ఆల్బమ్‌లో 'న గుల్', 'సాఖీ' అనే రెండు పాటలకు షాయరీ ఎవరిదనుకున్నారు? మన హైదరాబాదు మహలఖా బాయి చందాది! నిజాం దర్బారులో ఆడి పాడి, జాగీర్లు సంపాదించి, సొంత దీవాన్ మిగిల్చిపోయిన తవాయిఫ్. 1824లో పోయింది. మౌలాలి గుట్ట కింద తల్లితోపాటు ఆమె సమాధి ఉంది. మౌలాలి స్టేషన్లో రైలెక్కేవాళ్ళలో ఎందరికి తెలుసు? సరిగ్గా రెండొందల ఏళ్ళకు ఆమె మాట అమెరికా చుట్టి మన ఫోన్లలోకి వచ్చింది.

దోస్తులకు వినిపించాం. తెలుగు కవిత్వం రాసే దోస్తు 'న గుల్' అంటే 'నా పువ్వు' అనుకుని మురిసిపోయాడు. ఉర్దూలో ఆ 'న' అంటే కాదు, లేదు అని చెప్పేసరికి ముఖం వాడిపోయింది. అయినా మళ్ళీ విన్నాడు. అమ్మీజాన్ వయసున్న ఒక ఆపా మాత్రం ఒప్పుకోలేదు. "రదీఫ్ ఏదమ్మా? మాటను అంత సాగదీస్తే షేర్ ఎక్కడ మొదలైందో మరిచిపోమా?" అంది. ఆమె కోపంలో ఒక తహజీబ్ ఉంది. గజల్ మెహఫిల్లో రదీఫ్ రాబోతుందని వినేవాడికి ముందే తెలుస్తుంది. పాడేవాడికంటే అరక్షణం ముందు అందుకుంటాడు. 'వాహ్' పుట్టేది అక్కడే. 2015లో పోయిన మన విఠల్‌రావుగారి చుట్టూ పెరిగిన హైదరాబాదు చెవి అది. విఠల్‌రావు గజల్ పాడితే, ఉర్దూ మీకెందుకు నచ్చిందని ఆయనను ఎవరూ నిలదీయలేదు. అట్లనే ఉండాలి కూడా. ఆ వెసులుబాటే మాకూ కావాలంటున్నాం.

ఆపా మాటతో సగమే కలుస్తాం. 'సాఖీ'లో విజయ్ అయ్యర్ పియానో గొంతును తరమదు, దానికి చోటిస్తుంది. వాహ్ కోసం ఎదురుచూసే మెహఫిల్ కాదిది, అందరూ లేచిపోయాక మిగిలిన గది. దర్బారు కోసం రాసిందనుకున్న మాటలో ఇంత ఒంటరితనం ఉందని మాకు ఈ పాట విన్నాకే తెలిసింది. కాకపోతే ఉర్దూ రానివాడికి చందా ఏమందో చివరిదాకా అందదు. మాట విలువ తెలిసిన గాయని ఇంకొంచెం విడమరిచి పలకాల్సింది.

ఇంకో దోస్తు అంతా విని, "పాకిస్తానీ ఆల్బమ్ కదా?" అన్నాడు. మాట మౌలాలిది, గొంతు లాహోర్‌ది, పియానో అమెరికాలో పుట్టిన తమిళ బిడ్డది. లెక్క నువ్వే కట్టుకో అన్నాం. ఏడాది తిరిగేసరికి, 2025 మేలో, పాకిస్తాన్ పాటలు ఆపమని కేంద్రం ఆన్‌లైన్ సంస్థలకు చెప్పింది. మరి చందా మాటలు ఏ ఖాతాలో పడతాయి? ఈ ప్రశ్న మేం కాకుండా ఇంకెవరైనా అడిగితే బాగుండు. మేమడిగితే మళ్ళీ వాంగ్మూలమే.

'రాత్ కీ రానీ' మీద మాత్రం మాలో మాకే కుదరలేదు. అందులో గొంతును యంత్రంలో వేసి తిప్పారు. గొంతుకు అత్తరు పూసినట్టుందని కుర్రాళ్ళంటారు. అత్తరులో నీళ్ళు కలిపారని మేమంటాం. ఆపా అయితే ఆ పాటను సగం కూడా విననివ్వలేదు.