బొమ్మ కుదిరితే పేరు దొరికినట్టేనా?

ఈశాన్య రుతుపవనాలు మొదలై నాలుగు వానలు పడ్డాక పుదుచ్చేరిలో భారతి పార్కు వైపు గానీ, 1826లో ఏర్పడిన బొటానికల్ గార్డెన్ వైపు గానీ ఒకసారి వెళ్లి చూడండి. పచ్చికలో తెల్లటి గొడుగులు, చెట్ల మొదళ్లలో గోధుమరంగు పలకలు కనిపించవచ్చు. వెంటనే రెండు ప్రశ్నలు పుడతాయి. దీని పేరేమిటి? తినవచ్చునా? జవాబు కోసం మనం బొమ్మల పుస్తకం తిరగేస్తాం, లేదా ఫోనును అడుగుతాం. ఈ జవాబులను ఎంతవరకు నమ్మవచ్చో పరిశీలిద్దాం.

బ్రిటన్, ఐరోపా పుట్టగొడుగులపై రోజర్ ఫిలిప్స్ 1981లో వెలువరించిన పుస్తకం ఫొటోలకు పేరుపొందింది. లేత దశ నుంచి ముదురు దశ వరకు నమూనాలను పక్కపక్కనే పేర్చి, కొన్నింటిని నిలువునా కోసి చూపించారు. చూపు నేర్పడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. అయితే అది మన దేశం కోసం రాసినది కాదు. మన పచ్చికలో గోధుమరంగు పొలుసులతో, కాడకు ఉంగరంతో ఉన్న పెద్ద తెల్ల గొడుగు దొరికిందనుకోండి. పుస్తకంలో దానికి దగ్గరగా కనిపించేది మాక్రోలెపియోటా ప్రొసెరా. ఐరోపావారు దాన్ని ఇష్టంగా తింటారు. కానీ ఉష్ణదేశాల పచ్చికలో అదే రూపంలో విరివిగా పెరిగేది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. దాన్ని తిన్నవారికి కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. లేతగా ఉన్నప్పుడు దాని మొప్పలు కూడా తెల్లగానే ఉంటాయి. కనుక ఫొటో తేడా చెప్పదు. విప్పారిన టోపీని మొప్పలు కిందికి ఉండేలా తెల్లకాగితంపై ఉంచి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. బీజాణువుల ముద్ర తెల్లగా పడితే ప్రొసెరా వంటివి కావచ్చు, ఆకుపచ్చగా పడితే మాలిబ్డైటిస్. ఫోనుకు ఈ ముద్ర కనిపించదు కదా!

క్యూ ఉద్యానవనానికి చెందిన పెగ్లర్ 1986లో ప్రచురించిన శ్రీలంక మొప్పల శిలీంధ్రాల గ్రంథం మనకు మరింత దగ్గరిది. థ్వైట్స్, పెచ్ వంటివారు ఆ ద్వీపంలో సేకరించిన నమూనాలు దానికి ఆధారం. ఫొటోల ఆకర్షణ లేదు గానీ, బీజాణువుల రంగు, ఆకారం వరుసగా అడుగుతూ పేరు దాకా నడిపిస్తుంది. చెదపుట్టలపై మొలిచే టెర్మిటోమైసిస్ కూడా అందులో ఉంది. 1942లో ఈ ప్రజాతికి పేరు పెట్టినవారు ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్. మద్రాసు శాస్త్రవేత్త నటరాజన్ 1979లో దక్షిణ భారత జాతి ఒకదానికి ఆయన పేరే పెట్టారు. దాని కాడ వేరులా పుట్టలోకి దిగి ఉంటుంది. పైనుంచి తుంచితే గుర్తు పోతుంది, తవ్వి తీయాలి. ఏది ఎక్కడ మొలుస్తుందన్నది ఎంత ముఖ్యమో మన ‘పుట్టగొడుగు’ అనే మాటే చెబుతోంది.

ఈ గ్రంథానికీ లోపాలున్నాయి. సూక్ష్మదర్శిని లేనివారికి సగం పుస్తకం మూసి ఉన్నట్టే. పైగా మొప్పలున్న వాటికే పరిమితం కావడంతో, చెట్లను పట్టుకుని ఉండే గానోడెర్మా వంటి పలకలు అందులోకి రాలేదు. ఊరికి అసలు చిక్కు అక్కడే ఉంది. 1781లో కర్టిస్ ఇంగ్లాండులో పెట్టిన ‘లూసిడం’ అనే పేరును మన దేశంలో మెరిసే పలకలన్నింటికీ అంటగట్టడం చాలాకాలం సాగింది. తూర్పు ఆసియాలో మందుగా వాడేది వేరే జాతి అని డీఎన్ఏ పరీక్షలు తేల్చాక, 2012లో దానికి ‘లింగ్జీ’ అని కొత్త పేరు పెట్టారు. కొబ్బరి రైతుకు గానోడెర్మా తెగులు పాత శత్రువు. రోడ్డు పక్క చెట్టు మొదట్లో ఆ పలక కనిపిస్తే లోపల కలప కుళ్లుతోందని అనుమానించాలి. 2011 డిసెంబరు 30న థానే తుపాను చూసిన ఊరికి చెట్టు కూలడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అదే ఎండుకొమ్మపై విసనకర్రల్లా మొలిచే స్కిజోఫిల్లమ్ కమ్యూన్ అయితే చెట్టు మొత్తానికి ముప్పు ఉన్నట్టు కాదు. తేడా తెలియకపోతే మంచి చెట్టును నరికేస్తాం, ప్రమాదకరమైనదాన్ని వదిలేస్తాం.

కాబట్టి ఫిలిప్స్ దగ్గర చూపు నేర్చుకుందాం, పెగ్లర్ దగ్గర ప్రశ్నలు నేర్చుకుందాం. రెంటి ఆధారంగానూ వంట మాత్రం చేయవద్దు. ఏ చెట్టు, పచ్చి కలపా ఎండు కలపా, మొదలా కొమ్మా, అడుగున మొప్పలా రంధ్రాలా, ముద్ర ఏ రంగు అనే అయిదు సంగతులు నోటుపుస్తకంలో రాసుకోండి. యానాం నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న మన తీరానికి ఈ ప్రశ్నలతోనే మొదలయ్యే చిన్న పుస్తకం తెలుగులో రావాలి. అందులో బొమ్మలు తక్కువైనా ఫరవాలేదు.