ఆ అర నిమిషం

గోడ మీది నీతులంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఈ వారం మా జిల్లాలోనే ఒక ఆసుపత్రి వార్డులో మరొకటి ఎదురైంది. ‘చేతులు కడుక్కోండి’ అని పెద్ద పోస్టరు, దాని కిందే నీళ్లు రాని కొళాయి. ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టిన హిందూపురం వాళ్లకు ఇది వింతేమీ కాదు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రావణంతో అయితే 20 నుంచి 30 సెకన్లు పడుతుందంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అదీ రోగిని ముట్టుకునే ముందొకసారి, ముట్టుకున్నాక ఒకసారి. వార్డు నిండా మంచాలు, డ్యూటీలో ఒక్క సిస్టర్. లెక్క మీరే వేసుకోండి.

చిన్నప్పుడు ధర్మవరంలో మా ఎదురింటాయన మగ్గం గుంటలోకి దిగేముందు చేతులు కడిగి, పొడిగుడ్డతో తుడుచుకునేవాడు. బొరుగులు తిన్న చేతులతో మేం పడుగు దగ్గరికి పోతే కసిరేవాడు. ఆయనకు ఏ పోస్టరూ అక్కర్లేదు. లేతరంగు పట్టు మీద మరక పడితే సాయంత్రానికే బయటపడుతుంది, కూలీలో కోత పడుతుంది. నర్సు చేతి మరక ఎవరికీ కనబడదు. రోగికి జ్వరం రెండు మూడు రోజులకు వస్తుంది. అది ఎవరి చేతి నుంచి అంటిందో తేలదు. చేతులు శుభ్రంగా కడుక్కున్న సిస్టర్‌ని మెచ్చుకునేవాళ్లూ ఉండరు, ఆమె వల్ల రాకుండా పోయిన జ్వరం లెక్కకు రాదు కాబట్టి.

అందుకే నీళ్లివ్వండి, మనుషుల్నివ్వండి, నీతులు మానండి అని ముగిద్దామనుకున్నా. జెనీవా అడ్డొచ్చింది. అక్కడి యూనివర్సిటీ ఆసుపత్రి మంచాల పక్కన ద్రావణం సీసాలు పెట్టింది, గోడల నిండా పోస్టర్లూ అంటించింది. కాకపోతే వాటిలో ఏం చెప్పాలో వార్డు సిబ్బందే ఆలోచించారు. కడుక్కోవాల్సిన సందర్భాల్లో చేతులు శుభ్రం చేసుకోవడం 1994లో 48 శాతం ఉంటే 1997కి 66 శాతమైంది. మారింది నర్సులు, వాళ్ల సహాయకులు. డాక్టర్లు పెద్దగా మారలేదు.

కాబట్టి పోస్టర్ల మీద నా పాత కోపం సగం తగ్గించుకుంటున్నా. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆసుపత్రుల పెద్దలకు మనవి: ముందు కొళాయి బాగుచేయించండి, తర్వాతి పోస్టరు సిస్టర్లతోనే రాయించండి, రౌండ్స్‌కి వచ్చే డాక్టరు అందరికంటే ముందు చేతులు కడుక్కోవాలి. ఇక రోగి వెంట వెళ్లే మనం, ‘సెలైన్ అయిపోవస్తోంది, తొందరగా రా తల్లీ’ అని కేకలేయకుండా ఆమె చేతులు రుద్దుకునే ఆ అర నిమిషం ఓపిక పడదాం.